బెల్టులు పీకేయమంటున్నాడు అన్నయ్య, ఏం చేయాలి?

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. క్లుప్తంగా విషయం ఇది. అన్నదమ్ములిద్దరూ కలిసి ఎనిమిది నెలల కిందట సొంతంగా ఒక సీఎన్‌సీ ప్లాస్మా కటింగ్ టేబుల్ (కంప్యూటర్ నడిపే టార్చ్ విద్యుత్ ఆర్క్ వేడితో లోహపు షీట్‌ను కోసే యంత్రం) కట్టుకున్నారు. డబ్బు అన్నయ్యది, డిజైన్, వైరింగ్, సాఫ్ట్‌వేర్ తమ్ముడివి. కోతకు పనికొచ్చే స్థలం 1200 బై 1200 మి.మీ. టార్చ్‌ను మోసుకుని టేబుల్ మీద అటూ ఇటూ నడిచే అడ్డ దూలం, అంటే గ్యాంట్రీ, బరువు 18 కిలోలు, దాన్ని అటొకటి ఇటొకటి రెండు మోటార్లు నడుపుతాయి. పళ్ల బెల్టులు 5 మి.మీ. పిచ్ (పంటికీ పంటికీ మధ్య దూరం), 15 మి.మీ. వెడల్పు. 20 పళ్ల పుల్లీలు నీమా 23 సైజు స్టెప్పర్ మోటార్ల (చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటార్ల) షాఫ్టులకే నేరుగా బిగించారు. డ్రైవర్లు (మోటార్లకు కరెంట్ ఇచ్చే సర్క్యూట్లు) 4 మైక్రోస్టెప్పుల మీద, అంటే ఒక్కో అడుగును నాలుగు ముక్కలు చేసేలా, ఉన్నాయి, యాక్సిలరేషన్ 1200 మి.మీ./సె² పెట్టారు.

సమస్య ఏమిటంటే, 3 మి.మీ. షీట్‌ను నిమిషానికి 2500 మి.మీ. వేగంతో కోస్తే అంచు నున్నగా రావడం లేదు. టేబుల్ అంచులకు సమాంతరంగా వెళ్లే గీతలు ఫర్వాలేదు గానీ ఏటవాలు గీతలు, గుండ్రటి కోతలు రంపపు పళ్లలా వస్తున్నాయి. 45 డిగ్రీల గీత మీద అలకూ అలకూ మధ్య దాదాపు 3 మి.మీ. దూరం ఉంది. మూల తిరిగిన ప్రతిచోటా ఇంకో రకం అలలు వచ్చి కాసేపటికి సద్దుమణుగుతున్నాయి. వేగం 1500కి తగ్గిస్తే వణుకు తగ్గుతుంది కానీ అడుగున డ్రాస్ (కరిగి గడ్డకట్టిన లోహం) పేరుకుంటుంది. 4000కి పెంచితే వణుకు తగ్గుతుంది కానీ షీట్ పూర్తిగా తెగదు. బెల్టులు మూడుసార్లు బిగించారు, మోటార్లు పెద్దవి వేశారు, నాజిల్, ఎలక్ట్రోడ్ మార్చారు. బిగించిన తర్వాత మోటార్ల దగ్గర గరగరమనే చప్పుడు కొత్తగా మొదలైంది. ఒక కస్టమర్ ముక్కలన్నీ వెనక్కి పంపేశారు. "బెల్టులు వద్దని నేను మొదటే చెప్పాను, మొత్తం పీకేసి రాక్ అండ్ పినియన్ వేయిద్దాం" అని అన్నయ్య అంటున్నారు (పళ్ల పట్టీ మీద పళ్ల చక్రం దొర్లే పద్ధతి అది). ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. "నా డిజైనే తప్పా? మళ్లీ అన్నయ్య చేత ఖర్చు పెట్టించాలంటే మొహం చెల్లడం లేదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని రాశారు. అన్నయ్యతో ఏం మాట్లాడాలని కూడా అడిగారు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అలల మధ్య దూరం కొలిచి రాశారు చూడండి, ఈ చిక్కులో సగం సమాధానం అక్కడే ఉంది. చాలామంది "వణుకుతోంది" అని ఒక్క ముక్క రాసి ఏ పార్టు కొనమంటారని అడుగుతారు. మీరు మాత్రం సాక్ష్యం పంపారు. కాకపోతే ఆ సాక్ష్యాన్ని ఇంకా చదవలేదు, చదవకుండానే బెల్టులూ మోటార్లూ మార్చుకుంటూ వెళ్లారు. ఇప్పుడు ఇద్దరం కలిసి చదువుదాం.

మీ పుల్లీకి 20 పళ్లు, పిచ్ 5 మి.మీ., అంటే మోటార్ ఒక్క చుట్టు తిరిగితే గ్యాంట్రీ 100 మి.మీ. జరుగుతుంది. మామూలు స్టెప్పర్ మోటార్‌కి చుట్టుకు 200 ఫుల్ స్టెప్పులు, కాబట్టి ఒక్క స్టెప్ అంటే అర మిల్లీమీటర్. మోటార్ లోపలి కాయిల్స్‌లో కరెంట్ ఒక ఆవృత్తి పూర్తి చేసుకునేది నాలుగు ఫుల్ స్టెప్పులకోసారి, అంటే 2 మి.మీ.కోసారి. ఇప్పుడు 45 డిగ్రీల గీత సంగతి చూడండి. ఒక్కో యాక్సిస్ (టేబుల్ పొడవు దిశ ఒకటి, వెడల్పు దిశ ఒకటి) 2 మి.మీ. జరిగేసరికి టార్చ్ ఏటవాలుగా 2.8 మి.మీ. వెళ్తుంది. మీరు కొలిచింది "దాదాపు 3". ఇది కాకతాళీయం అనుకోను. మీ ఏటవాలు గీతల మీద కనిపిస్తున్నది చాలావరకు మోటార్ స్టెప్పుల అచ్చు.

మరి సమాంతర గీతలు ఎందుకు బాగున్నాయి? ఒక్క యాక్సిస్ మాత్రమే కదిలేటప్పుడు ఆ మోటార్ కుదుపు గీత వెంబడే ముందుకూ వెనక్కూ పోతుంది. వేగం కాస్త ఎక్కువ తక్కువ అవుతుంది తప్ప అంచు పక్కకు జరగదు. రెండు యాక్సిసులూ కలిసి కదిలినప్పుడే ఆ కుదుపు పక్కకు తేలి కంటికి కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతోమంది "సమాంతర గీతలు బాగానే ఉన్నాయి కాబట్టి మోటార్లు బాగానే ఉన్నాయి" అనుకుని టార్చ్ మీద పడతారు.

అయినా నా లెక్కను నమ్మేయకండి, పరీక్షించండి. టార్చ్ తీసి దాని స్థానంలో ఒక సన్నటి మార్కర్ బిగించండి, కాగితానికి మెత్తగా ఆనేలా వెనక చిన్న స్ప్రింగ్ ఉంటే ఇంకా మంచిది. ప్లాస్మా మెషిన్‌ను ప్రోగ్రామ్‌లో ఆపడం కాదు, మెయిన్ స్విచ్ దగ్గరే ఆపేయండి. టేబుల్ మీద ప్లైవుడ్ పరిచి, కాగితం అతికించి, 45 డిగ్రీల గీతలు మూడు గీయించండి: నిమిషానికి 1000, 2500, 4000 మి.మీ. వేగాలతో. తర్వాత భూతద్దంతో అలల మధ్య దూరం కొలవండి. మూడు గీతల మీదా అది 2.8 దగ్గరే ఉంటే దోషం దూరానికి కట్టుబడినది, అంటే తిరిగే భాగాలది, మీ విషయంలో మోటార్ స్టెప్పులది. అలా కాకుండా వేగం పెరిగిన కొద్దీ అలల మధ్య దూరం కూడా సాగుతూ పోతే దోషం కాలానికి కట్టుబడినది, అంటే ఏదో ఒక భాగం స్ప్రింగ్‌లా తన లయలో తాను ఊగుతోంది. బెల్టో, గ్యాంట్రీయో, టార్చ్ పట్టుకునే బ్రాకెట్టో, చివరికి టేబుల్ కాళ్లో. నాకు తెలిసినంతలో ఇంతకంటే చవకైన, ఇంతకంటే నిజం చెప్పే పరీక్ష ఇంకొకటి లేదు.

మార్కర్ గీత మూడు వేగాల్లోనూ నున్నగా వచ్చి, అసలు కోత మాత్రం వణికితే కథ పూర్తిగా మారిపోతుంది. అప్పుడు బెల్టులను ముట్టుకోకండి. టార్చ్ ఎత్తును సర్దే టీహెచ్‌సీని ఆపి ఒక ముక్క కోసి చూడండి, అది ఆర్క్ వోల్టేజ్ వెంట పడి టార్చ్‌ను పైకీ కిందకీ ఊపుతుండొచ్చు. అప్పటికీ తగ్గకపోతే ఆర్క్ వెలిగినప్పుడు పుట్టే విద్యుత్ అలజడి స్టెప్ సిగ్నళ్లలో కలుస్తోందేమో చూడాలి: టార్చ్ కేబుల్, మోటార్ కేబుళ్లు ఒకే చోట పక్కపక్కన వెళ్తున్నాయా, గ్రౌండ్ వైర్లన్నీ ఒక్క బిందువు దగ్గరే కలుస్తున్నాయా, షీల్డ్ ఒక చివరే గ్రౌండ్ అయిందా. కానీ ఆ అలజడి వల్ల వచ్చే లోపం ఒక లెక్క ప్రకారం రాదు, ఎక్కడ పడితే అక్కడ వస్తుంది. మీ అలలు ఇంత క్రమంగా ఉన్నాయి కాబట్టి దాని మీద నా అనుమానం తక్కువే.

కాగితం మీద ఇంకో రకం దూరాలు కనిపించినా వాటికీ అర్థం ఉంటుంది. యాక్సిస్ వెంబడి లెక్కిస్తే 5 మి.మీ.కోసారి వచ్చే అల బెల్ట్ పళ్లది. పళ్ల వైపు నున్నటి చిన్న ఐడ్లర్ (బెల్ట్‌ను మలిపే ఖాళీ చక్రం) పెట్టినా, బెల్ట్ మరీ బిగించినా ఇలా వస్తుంది. 100 మి.మీ.కోసారి నెమ్మదిగా వచ్చి పోయేది పుల్లీ నడిమధ్యలో లేకపోవడం వల్లో షాఫ్ట్ వంగడం వల్లో వస్తుంది. గ్యాంట్రీ చక్రాలుగా 22 మి.మీ. బయటి వ్యాసం ఉన్న 608 బేరింగులు వాడి ఉంటే వాటి చుట్టుకొలత 69 మి.మీ., ఆ లెక్కన కుదుపు వస్తే ఒక బేరింగ్ పోయినట్టు. దూరంతో సంబంధం లేకుండా టేబుల్ మీద ఎప్పుడూ అదే చోట వస్తే గ్యాంట్రీ నడిచే పట్టా మీద కరిగిన లోహపు బొట్టు అతుక్కుని ఉంటుంది, గుడ్డతో తుడిచి వేలితో తడిమి చూడండి. ఏటవాలు గీత మీద కొలిస్తే ఈ దూరాలన్నిటినీ 1.41తో గుణించుకోవడం మర్చిపోవద్దు.

ఇప్పుడు బెల్ట్ బిగించడం గురించి. మీరు చేసిన పనుల్లో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. బెల్ట్ వదులుగా ఉంటే తిరిగేటప్పుడు ఒక వైపు వేలాడిపోయి దెబ్బ తగులుతుంది, అది నిజం. కానీ రెండు వైపులా బిగువు నిలిచే స్థాయికి వచ్చాక, అక్కడి నుంచి ఎంత బిగించినా బెల్ట్ ఇంకా గట్టిపడదు. అది ఎంత సాగుతుందనేది దాని వెడల్పు, లోపలి తీగలు గ్లాస్ ఫైబరా స్టీలా అన్నది, పొడవు, ఈ మూడింటి మీదే ఉంటుంది. అదనపు బిగువంతా మోటార్ షాఫ్ట్‌ను పక్కకు లాగుతుంది, ముందు బేరింగ్ మీద పడుతుంది. మీరు రాసిన గరగర చప్పుడు అదే అయి ఉండాలి. ఈరోజే కాస్త వదులు చేయండి, పవర్ ఆపేసి. రెండు వైపుల బెల్టులకూ బిగువు సమానంగా ఉండటం ముఖ్యం: గ్యాంట్రీని టేబుల్ మధ్యలో నిలిపి, రెండు వైపులా ఒకే పొడవు ఉన్న భాగాన్ని వేలితో మీటి వినండి. ఫోన్‌లో సంగీత వాద్యాలు శ్రుతి చేసే యాప్ ఉంటే అంకె కూడా కనిపిస్తుంది. రెండు బెల్టులూ ఒకే శ్రుతిలో పలకాలి. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటే గ్యాంట్రీ అటూ ఇటూ మెలి తిరుగుతుంది, మూలల దగ్గర మరీ ఎక్కువగా.

బెల్ట్ సాగడం వల్ల ఎంత నష్టం జరుగుతోందో తెలుసుకోవడానికి ఇంకో చిన్న పరీక్ష ఉంది. బెల్ట్ రెండు చివర్లూ టేబుల్‌కి బిగించి మోటార్ గ్యాంట్రీతో పాటు ప్రయాణించే రకం అయితే, గ్యాంట్రీ టేబుల్ మధ్యలో ఉన్నప్పుడు బెల్ట్ అన్నిటికన్నా మెత్తగా ఉంటుంది, చివరకు వెళ్లిన కొద్దీ గట్టిపడుతుంది. అదే మార్కర్ గీతను టేబుల్ మధ్యలో ఒకసారి, చివర ఒకసారి గీయించండి. మధ్యలో అలలు పెద్దవిగా, చివర చిన్నవిగా ఉంటే బెల్ట్‌కి కూడా వాటా ఉంది. రెండు చోట్లా ఒకేలా ఉంటే బెల్ట్ నిర్దోషి. మీ అన్నయ్య ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే పరీక్ష ఇదే, ఆయన పక్కన ఉండగానే చేయండి.

అసలు కష్టం ఎక్కడుందో నా అంచనా చెబుతాను. 18 కిలోల గ్యాంట్రీని రెండు మోటార్లు పంచుకుంటే ఒక్కోదానికి 9 కిలోలు. మీ పుల్లీ వ్యాసార్ధం 16 మి.మీ.కి కొంచెం తక్కువ. ఆ బరువు మోటార్ షాఫ్ట్‌కి ఎంత జడత్వంలా (కదలడానికీ ఆగడానికీ మొరాయించే గుణంలా) తగులుతుందో లెక్క వేస్తే సుమారు 22,800 గ్రా.సెం.మీ² వస్తుంది. మామూలుగా వాడే నీమా 23 మోటార్లలో రోటార్ (లోపల తిరిగే భాగం) జడత్వం, పొడవును బట్టి, 300 నుంచి 500 మధ్య ఉంటుంది. అంటే అందులో పెద్దదే అనుకున్నా ఆ మోటార్ తనకంటే సుమారు 50 రెట్లు మొండిదాన్ని అరచేతి మీద నిలబెట్టుకుని నడుస్తోంది. స్టెప్పర్లకు ఈ నిష్పత్తి 10 రెట్ల లోపు ఉంచమని సాధారణంగా చెబుతారు. పైగా మీరు ఏటవాలుగా 2500తో కోస్తున్నప్పుడు ఒక్కో యాక్సిస్‌లో ఆ 2 మి.మీ. కుదుపు సెకనుకు దాదాపు 15 సార్లు వస్తోంది. ఇంత బరువు నేరుగా వేలాడే మోటార్, బెల్ట్ కలిసి సహజంగా ఊగే లయ కూడా ఆ దరిదాపుల్లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఉయ్యాలను సరిగ్గా దాని ఊపు సమయానికే నెడుతున్నట్టు. 1500లోనూ 4000లోనూ తగ్గి 2500లో పెరగడానికి కారణం ఇదేనని నా నమ్మకం. పెద్ద మోటార్లు వేసినా మారకపోవడానికి కారణం కూడా తెలిసిపోతోంది: మోటార్ పెద్దదైనా ఒక్క స్టెప్ అర మిల్లీమీటరే.

కాబట్టి మీ డిజైన్ తప్పా అంటే, బెల్ట్ ఎంచుకోవడం తప్పు కాదు. 1200 మి.మీ. పొడవుకు మంచి బెల్ట్ చక్కగా పనిచేస్తుంది. మోటార్‌కీ బెల్ట్‌కీ మధ్య రిడక్షన్ (మోటార్ వేగాన్ని తగ్గించి బలం పెంచే పుల్లీల అమరిక) పెట్టకపోవడం ఒక్కటే లోటు. సొంతంగా కట్టుకునేవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు, ఎందుకంటే నేరుగా బిగిస్తే భాగాలు తక్కువ, ఖాళీగా పరిగెత్తే వేగం ఎక్కువ, చూడటానికి బాగుంటుంది. కోత వేగంలో ఏమవుతుందో కట్టేటప్పుడు ఎవరికీ తట్టదు.

ఇక దారులు. రూపాయి ఖర్చు లేనిది ముందు. డ్రైవర్లను 4 నుంచి 10 లేదా 16 మైక్రోస్టెప్పులకు మార్చండి. కంట్రోలర్‌లో మిల్లీమీటర్‌కి స్టెప్పుల లెక్క కూడా తప్పక మార్చాలి: ఇప్పుడు 8 ఉండి ఉంటుంది, 10 అయితే 20, 16 అయితే 32. కొలతల ఖచ్చితత్వం దీనితో పెద్దగా పెరగదు గానీ నడక నున్నబడుతుంది. పెద్ద మోటార్లు వేసినప్పుడు డ్రైవర్ కరెంట్ సెట్టింగ్ మార్చారో లేదో మీరు రాయలేదు. పాత సెట్టింగే ఉంటే కొత్త మోటార్లు పూర్తి బలంతో నడవకపోవచ్చు, మోటార్ మీద రాసిన అంకె చూసి సరిచేయండి. పుల్లీల గ్రబ్ స్క్రూలు (తల లేని బిగింపు స్క్రూలు) షాఫ్ట్ మీద చదునుగా ఉన్న చోటే కూర్చున్నాయా చూసి, థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించండి. టార్చ్ కేబుల్ గ్యాంట్రీని లాగుతోందా, టార్చ్ హోల్డర్ చేత్తో కదిపితే కదులుతోందా, ఇవీ చూడండి. ఒకచోట నెలల తరబడి బెల్టులూ మోటార్లూ మార్చిన టేబుల్‌ను చూశాను, చివరికి తేలింది ఐడ్లర్ బోల్ట్ వదులు. ఆ ఇంట్లో వాళ్ల నీరసం నాకింకా గుర్తుంది, అందుకే ఈ చిన్న పనులు దాటేయొద్దని బతిమాలుతున్నాను.

మూలల తర్వాత వచ్చి సద్దుమణిగే అలలకు మందు వేరు. 1200 యాక్సిలరేషన్ మీ 18 కిలోల గ్యాంట్రీకి ఎక్కువ. 400 లేదా 500 పెట్టి చూడండి. 2500 వేగాన్ని అందుకోవడానికి 1200తో 0.7 మి.మీ. పడితే 400తో 2.2 మి.మీ. పడుతుంది, అది కోతలో పెద్ద నష్టం కాదు. మరీ 150కి దించితే మాత్రం దాదాపు 6 మి.మీ. పడుతుంది, టార్చ్ మూలల్లో ఎక్కువసేపు నిలిచి అక్కడ లోహం కాలిపోతుంది, కోత వెడల్పై ఆర్క్ వోల్టేజ్ పెరుగుతుంది, టార్చ్ దూరమైందనుకుని టీహెచ్‌సీ దాన్ని కిందకి దించుతుంది, కొన్నిసార్లు షీట్‌కే ఆనిస్తుంది. మూలల్లో టీహెచ్‌సీని ఆపి ఉంచే సెట్టింగ్ మీ కంట్రోలర్‌లో ఉంటే వాడండి. చిన్న రంధ్రాలకూ ఒక లెక్క ఉంది: 10 మి.మీ. వ్యాసం ఉన్న రంధ్రాన్ని 2500తో కోయాలంటే దాదాపు 350 యాక్సిలరేషన్ కావాలి, అదే 1500తో అయితే 125 చాలు. రంధ్రాలు ఎలాగూ నెమ్మదిగానే కోయాలి కాబట్టి 400 దగ్గర మీకు ఇబ్బంది రాదు.

డ్రాయింగ్ కూడా ఒకసారి చూడండి. బొమ్మ నుంచి ట్రేస్ చేసిన వంపులు వందల చిన్న గీతలుగా విరిగి వస్తాయి, కంట్రోలర్ ప్రతి గీత దగ్గరా తడబడుతుంది. గుండ్రటి కోత మాత్రమే వణికి 45 డిగ్రీల గీత నున్నగా ఉంటే అనుమానించాల్సింది దీన్నే. మీకు రెండూ వణుకుతున్నాయి కాబట్టి ఇది మూలం కాదు.

రెండో దారి, నేనైతే వెళ్లే దారి, 3కి 1 రిడక్షన్. మోటార్ మీద 20 పళ్ల పుల్లీ, వేరే షాఫ్ట్ మీద 60 పళ్ల పుల్లీ, రెంటినీ కలిపే, చివర్లు లేని చిన్న వలయం లాంటి బెల్ట్. ఆ రెండో షాఫ్ట్ మీదే ఇప్పటి 20 పళ్ల పుల్లీ కూర్చుంటుంది. ఒక ఫుల్ స్టెప్ అర మిల్లీమీటర్ నుంచి 0.17కి తగ్గుతుంది. మోటార్‌కి తగిలే జడత్వం మూడో వంతు కాదు, తొమ్మిదో వంతు అవుతుంది, అంటే మీ 50 రెట్లు 5, 6 రెట్లకు దిగుతాయి. బెల్ట్ లాగుడంతా మోటార్ షాఫ్ట్ మీద కాకుండా రెండు బేరింగుల మధ్య నిలబడిన షాఫ్ట్ మీద పడుతుంది. చిన్న పుల్లీని కనీసం 6 పళ్లు పట్టుకోవాలి. షాఫ్టుల మధ్య దూరం 120 మి.మీ. ఉంచితే 8 పడతాయి, సరిపోతుంది. 10 మైక్రోస్టెప్పులతో అయితే మిల్లీమీటర్‌కి 60 స్టెప్పులు పెట్టుకోవాలి.

దీనికి చెల్లించే మూల్యం కూడా చెప్పాలి. అదే వేగానికి మోటార్ మూడు రెట్లు తిరగాలి. ఖాళీగా నిమిషానికి 15 మీటర్లు పరిగెత్తించాలంటే మోటార్ 450 చుట్లు తిరగాలి. స్టెప్పర్ బలం వేగంతో పాటు తగ్గిపోతుంది, మీ పవర్ సప్లై 24 వోల్టులైతే అక్కడ స్టెప్పులు తప్పొచ్చు. డ్రైవర్ తట్టుకునేదైతే 48 వోల్టులు నయం, లేదా ఖాళీ వేగం తగ్గించుకోండి. వణుకు పూర్తిగా మాయమైపోతుందని కూడా అనను, ఇంకో వేగం దగ్గర కొంచెం కనిపించొచ్చు. అది ఏ వేగమో మార్కర్‌తో వెతికి, మీ కోత వేగాలకు దూరంగా ఉందా లేదా చూసుకోవాలి. ఎక్కడ వచ్చినా మోటార్ కుదుపు మూడో వంతే టార్చ్ దాకా చేరుతుంది.

మూడోది అన్నయ్య చెప్పిన రాక్ అండ్ పినియన్. అది మంచి పద్ధతే, పొడవు ఎంతున్నా సాగదు, రెండు మూడు మీటర్లు దాటిన టేబుళ్లకు నేనూ అదే చెబుతాను. కానీ పినియన్‌ను మోటార్‌కి నేరుగా బిగిస్తే ఏమవుతుందో లెక్క చూడండి. మాడ్యూల్ 1 (పళ్ల సైజు), 20 పళ్ల పినియన్ అయితే చుట్టుకు 62.8 మి.మీ., ఒక స్టెప్ 0.31 మి.మీ., జడత్వం ఇంకా 20 రెట్ల దగ్గర ఉంటుంది. ఇంత ఖర్చు పెట్టి, నెల రోజులు పని ఆపుకుని, అదే వణుకును కొంచెం చిన్నది చేసి తెచ్చుకుంటారు. రాక్‌కి కూడా రిడక్షన్ కావాలి. పైగా పళ్లలో లోహపు రజను చేరకుండా చూడాలి, పినియన్‌ను స్ప్రింగ్‌తో నొక్కి ఉంచాలి, లేకపోతే సందు వచ్చి దిశ మారినప్పుడల్లా గీత తప్పుతుంది.

ఇక్కడే మీ ఇద్దరి గొడవ విడిపోతుందని నాకనిపిస్తోంది. ఏ దారిలో వెళ్లినా రిడక్షన్ కావాలి. ముందు అది చేయండి, కాకపోతే ఆ రెండో షాఫ్ట్‌ను, బేరింగులను రేపు పినియన్ కూడా పట్టేలా గట్టిగా కట్టండి. బెల్ట్‌తోనే పని జరిగితే సరి, జరగకపోతే అన్నయ్య కోరిన రాక్‌కి మారేటప్పుడు ఈ ఖర్చులో ఎక్కువ భాగం వృథా కాదు. క్లోజ్డ్ లూప్ మోటార్లు (తమ స్థానాన్ని తామే సరిచూసుకునేవి) కొనమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అవి స్టెప్పులు తప్పకుండా కాపాడతాయి, వణుకునూ కొంత తగ్గిస్తాయి, కానీ 50 రెట్ల జడత్వాన్ని అవి కూడా మోయలేవు. రిడక్షన్ తర్వాతే వాటి సంగతి.

అన్నయ్యతో ఏం మాట్లాడాలని అడిగారు. "నాదే తప్పు" అని మొదలుపెట్టకండి, "నీదే తప్పు" అని అసలే వద్దు. ఒక సాయంత్రం కూర్చోబెట్టి మార్కర్ గీతలు గీయించండి, స్కేలు ఆయన చేతికే ఇచ్చి కొలవమనండి. డబ్బు పెట్టిన మనిషికి తన డబ్బు ఎక్కడ ఇరుక్కుందో కళ్లారా చూసే హక్కు ఉంది. ఇన్నాళ్లూ ఆయనకు కనిపించింది మీరు ఒక్కరే రాత్రిళ్లు స్పానర్ పట్టుకుని తిరగడం, అడిగితే "చూస్తున్నా" అనడం. ఆయన కోపంలో సగం ఆ చీకటి వల్లే అనుకుంటున్నాను. రిడక్షన్‌కి, రాక్‌కి అయ్యే ఖర్చులు రెండూ పక్కపక్కన కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. అది చూశాక కూడా ఆయన రాకే కావాలంటే అదీ సరైన నిర్ణయమే, రిడక్షన్‌తో సహా అయితే.

ముక్కలు వెనక్కి పంపిన కస్టమర్‌కి ఇప్పుడే కొత్త ముక్కలు మాట ఇవ్వకండి. మైక్రోస్టెప్, యాక్సిలరేషన్ మార్చాక ఒక నమూనా కోసి చూపించండి, ఆయన ఒప్పుకుంటేనే మిగతావి. ఈలోగా, యాక్సిలరేషన్ తగ్గించాక, నేరు గీతల పనులు, చతురస్రాలూ పట్టీలూ, ధైర్యంగా ఒప్పుకోవచ్చు, మీ టేబుల్ వాటిని ఇప్పటికే ఫర్వాలేదనిపించేలా కోస్తోంది. షీట్‌ను టేబుల్ అంచులకు సమాంతరంగా పరిస్తే చాలు. గుండ్రటి పనులు రెండు వారాలు ఆపండి.

బెల్టులు వదులు చేశాక, మైక్రోస్టెప్ మార్చక ముందు ఒకసారి, మార్చాక ఒకసారి ఆ మూడు గీతలు గీయించి, రెండు కాగితాల ఫొటోలూ పక్కన స్కేలు పెట్టి తీసి పంపండి. మోటార్ మీద రాసిన కరెంట్, డ్రైవర్ సెట్టింగ్, పవర్ సప్లై వోల్టేజ్ కూడా రాయండి. అవి చూసేదాకా పుల్లీలకు ఆర్డర్ పెట్టకండి.